పన్నెండు దాటితే నోటు చెల్లదు

పరుగు!

రెండు రొయ్యల గుంతల మధ్య గట్టు మీద క్రీస్తురాజు పడుతూ లేస్తూ పరుగెడుతున్నాడు. చెప్పులు ఎక్కడ జారిపోయాయో తెలీదు. వెనక రెండు బైకుల హెడ్‌లైట్లు ఊగుతూ వస్తున్నాయి.

"రాజన్నా! ఆగన్నా! నిన్నేం చెయ్యంలే!"

కిషోర్ బాబు గొంతు అది. పెంచలప్రసాద్ దగ్గర వడ్డీలు వసూలు చేసే మనిషి. అతను ఎంత మర్యాదగా పిలిస్తే అంత భయపడాలి!

కాలికి ఏదో చుట్టుకుంది...

దబ్బున పడ్డాడు!

పీతలు రాకుండా గుంత చుట్టూ కట్టిన నీలం వల. తెంచుకున్నాడు. మోకాలు చీరుకుపోయింది. చూసుకునే టైమ్ లేదు. లేచాడు. మళ్లీ పరుగు!

గుంతల్లో నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు గిరగిరా తిరుగుతున్నాయి. ఆ రొదలో తన అడుగుల చప్పుడు ఎవరికీ వినిపించదు. ఈ రాత్రికి అదొక్కటే అతని పక్షాన ఉంది.

వాచీ చూశాడు. రేడియం ముళ్లు. పదకొండు దాటి నాలుగు నిమిషాలు.

ఇంకా యాభైఆరు నిమిషాలు!

అప్పటిదాకా వాళ్ల చేతికి దొరక్కూడదు. దొరికాడా... గుంత పోతుంది. ఉన్న ఒక్క ఆధారం పోతుంది.

మూడేళ్ల కిందట, సరిగ్గా ఇదే డిసెంబర్ తొమ్మిదిన, ప్రసాద్ దగ్గర ఆరు లక్షలు తీసుకుని ప్రామిసరీ నోటు రాశాడు. వైట్ స్పాట్ తెగులు వచ్చి రొయ్యంతా చచ్చి తేలిన ఏడాది అది. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ. గుంత భార్య ఏసుమణి పేరున ఉంది కాబట్టి ఆమె చేత కూడా సంతకం పెట్టించాడు ప్రసాద్.

పంట పంటకూ తెచ్చి పోశాడు. పది లక్షల పైమాటే. కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయాలి. ప్రసాద్ రాయలేదు. "మనలో మనకి రాతలేందిరా? నా మీద నమ్మకం లేదా?" అనేవాడు. నమ్మాడు. పిచ్చి మాలోకం! తీరా అప్పు తీరిందనుకుని నోటు అడిగితే...

"వెనకాల చెల్లేదిరా? అసలూ వడ్డీ కలిపి పన్నెండున్నర లక్షలు. లేదంటే గుంత రాసియ్యి" అన్నాడు.

కానీ నోటుకు ఆయుష్షు మూడేళ్లే. ఆ లోపల కోర్టులో దావా వేయాలి. లేదంటే, అప్పున్నవాడి చేత వందో యాభయ్యో కట్టించి, వెనక తేదీ వేసి సంతకం తీసుకోవాలి. ఆ సంతకం పడితే నోటు మరో మూడేళ్లు బతుకుతుంది. పడకపోతే కాలదోషం పట్టి చిత్తుకాగితం అవుతుంది.

ఆ మూడేళ్లూ ఈ రాత్రి పన్నెండింటికి నిండుతాయి!

బీరువా నిండా నోట్లున్న ప్రసాద్‌కి ఈ తేదీ గుర్తే లేదు. సాయంత్రం ఆరింటికి చూసుకుని గుండె బాదుకున్నాడు. అప్పటికే కోర్టు మూసేశారు. ఆరున్నరకు ఫోన్ చేశాడు. గొంతులో తేనె.

"రాజా, ఒక వంద పట్టుకొని రారా. చిన్న సంతకం."

క్రీస్తురాజు వెళ్లలేదు. వెంటనే నెల్లూరులో ఉండే లాయర్ డెబోరా గారికి ఫోన్ కొట్టాడు.

"చచ్చినా పెట్టొద్దు" అందావిడ. "పన్నెండు దాటిన మరు నిమిషం నాకు వాట్సాప్ పెట్టు, నేను ఎక్కడా సంతకం పెట్టలేదని. ఆ తర్వాత వాళ్లు పాత తేదీ వేసి బలవంతాన పెట్టించుకున్నా నేను చూసుకుంటా."

తొమ్మిదింటికి బైకులు ఇంటి ముందు ఆగాయి. అతను పెరటి గోడ దూకాడు. రెండు గంటలు మేత షెడ్డులో బస్తాల వెనక నక్కాడు. అక్కడా పసిగట్టారు!

ఏసుమణికి ఏం చెప్పి వచ్చాడు?

"పనుంది" అన్నాడు. అంతే. అప్పుల సంగతి ఆమెతో మాట్లాడి మూడేళ్లవుతోంది. ఆమె బాధపడుతుందని పైకి చెప్పుకునే కారణం. అసలు కారణం సిగ్గు. ఒకే మంచం మీద పడుకుని, ఒకే కప్పు కింద బతుకుతూ, ఆ పన్నెండున్నర లక్షలు అతనొక్కడే మోస్తున్నాడు.

జేబులో ఫోన్ వెలిగింది. ప్రసాద్! ఆ వెలుగు చూస్తే చాలు, పట్టేస్తారు. స్విచ్ ఆఫ్ చేశాడు.

ఎదురుగా కాపలా షెడ్డు. కిటికీలో లైటు!

ఆనందబాబు షెడ్డు అది. పదేళ్ల స్నేహం. కరెంటు పోయిన రాత్రుల్లో ఒకరి జనరేటర్‌కి ఒకరు డీజిల్ పోసుకున్నవాళ్లు. క్రీస్తురాజు తలుపు దబదబా బాదాడు.

"అన్నా! నేను, రాజుని! తలుపు తియ్యన్నా!"

లోపల మంచం కిర్రుమంది. అడుగులు తలుపు దాకా వచ్చాయి. ఆగాయి.

"రాజా... నా దగ్గర లేవురా. నీ దేవుడి తోడు, నా దగ్గర పైసా లేదు."

"డబ్బుల కోసం కాదన్నా! ఒక్క గంట లోపల కూర్చోనియ్యి, చాలు!"



లైటు ఆరిపోయింది.

చీకట్లో ఆ తలుపు ముందు క్రీస్తురాజు ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. తప్పు ఆనందబాబుది కాదు. అప్పున్నవాడు తలుపు కొడితే అప్పే అడుగుతాడనుకుంటారు ఎవరైనా. వీధిలో ఎదురైతే పక్కకు తప్పుకుంటారు. చర్చిలో కూడా బెంచీ చివరికి జరుగుతారు. మూడేళ్లుగా చూస్తున్నాడు. అయినా ఏడుపొచ్చింది.

"అదుగో! షెడ్డు కాడ!"

టార్చి మొహాన పడింది!

సరుగుడు తోపులోకి దూకాడు. కొమ్మలు మొహాన్ని కొడుతున్నాయి. ఇసకలో కాళ్లు కూరుకుపోతున్నాయి. ఊపిరి అందడం లేదు. కుడివైపు నుంచి ఒక బైకు... ఎడమవైపు నుంచి ఇంకొకటి!

ముందు నీళ్లు.

బకింగ్‌హామ్ కాలువ!

ఆలోచన లేదు. ఫోన్‌ని జేబులో ఉన్న ప్లాస్టిక్ కవర్లో వేసి ముడేశాడు. ముడి పళ్ల మధ్య కరిచిపట్టుకున్నాడు. దూకేశాడు!

డిసెంబర్ నీళ్లు. ఒళ్లంతా సూదులు గుచ్చినట్టయింది. ఈదాడు. సగం దూరం వెళ్లాడో లేదో, ఒక బైకు వంతెన దాటి అవతలి గట్టు మీదికి వచ్చేసింది. దాని మీద ఇద్దరు.

ఇటు కిషోర్ బాబు. అటు ఇద్దరు. మధ్యలో తను!

కాలువలో వల కట్టుకునే కర్ర ఒకటి పాతి ఉంది. రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాడు. నీళ్లు మెడ దాకా ఉన్నాయి.

వాచీ... పదకొండూ ముప్పైతొమ్మిది.

"చలిగా ఉండాదా అన్నా?" ఇవతలి గట్టు మీంచి కిషోర్ బాబు అడిగాడు. ఎగతాళి లేదు ఆ గొంతులో. ఫోన్ లైటు వేసి పైకెత్తి పట్టుకున్నాడు. "ఇటు చూడన్నా. ఒక్కసారి ఇటు చూడు."

చూశాడు. కళ్లు జిగేలుమన్నాయి.

"కర్ర వదలమాక. ఆడ లోతెక్కువ."

క్రీస్తురాజు పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. వీళ్లు నీళ్లలోకి దిగితే? ఇద్దరు పట్టుకుని ఈడ్చుకెళ్తే? వేళ్లు విరిచి సంతకం పెట్టిస్తే?

"రాను! చచ్చినా రాను!" కవరు చేతిలోకి తీసుకుని అరిచాడు.

కిషోర్ బాబు ఎత్తిన ఫోన్ దించాడు. ఫోన్లో ఏదో నొక్కాడు. తర్వాత తీరిగ్గా గట్టు మీద కూర్చుని సిగరెట్ వెలిగించాడు.

పదకొండూ నలభైఆరు.

ఎవరూ దిగలేదు.

పదకొండూ యాభై.

ఎవరూ పిలవను కూడా పిలవలేదు!

పాదాలు మొద్దుబారాయి. చేతులు కర్ర మీద ఉన్నాయో లేదో తెలియడం లేదు. దూరంగా సముద్రం హోరు. ఇంత పెద్ద లోకంలో తను ఎక్కడున్నాడో తెలిసినవాళ్లు ముగ్గురే. ఆ ముగ్గురూ తనను పట్టుకోవడానికి వచ్చినవాళ్లు. "ప్రభువా, పది నిమిషాలు... పది నిమిషాలు పట్టి ఉంచు" అనుకున్నాడు. మణి గుర్తొచ్చింది. పన్నెండు కాగానే ఇంటికెళ్లి, ఆమెను నిద్రలేపి, అంతా చెప్పేయాలి. మొదటి రోజు నుంచీ చెప్పాలి. మూడేళ్ల బరువు ఒక్కసారిగా దించేసుకోవాలి.

పదకొండూ యాభైఏడు.

కిషోర్ బాబు ఫోన్ మోగింది!

"ఆ అన్నా... సరేనన్నా... అట్నే."

అవతలి గట్టుకు చెయ్యి ఊపాడు. అక్కడి బైకు స్టార్టయింది. లైటు వెనక్కి తిరిగింది. వెళ్లిపోయింది!

ఓడిపోయారా? వదిలేశారా? ఏమో! మోసం కావచ్చు. కదలకూడదు. ఇంకా మూడు నిమిషాలు.

రెండు.

ఒకటి...

పన్నెండు!

ఇంకో నిమిషం కూడా ఆగాడు. అప్పుడు నవ్వొచ్చింది. గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే ఈదాడు. గట్టు జారుతోంది. పైనుంచి ఒక చెయ్యి కిందికి వచ్చింది. కిషోర్ బాబుది. పట్టుకుని పైకి లాగాడు.

"అయిపోయింది కిషోరూ!" క్రీస్తురాజు వణుకుతూ అరిచాడు. "నోటు చచ్చిపోయింది! తియ్యి. నా కళ్ల ముందర చించు!"

"నోటు నా దగ్గర యాడుండాదన్నా?"

"అబద్ధం!"

కిషోర్ బాబు రెండు జేబులూ బయటికి లాగి చూపించాడు. సిగరెట్ పెట్టె. బైకు తాళం.

"పెన్ను కూడా తేలేదన్నా."

క్రీస్తురాజు నవ్వు ఆగిపోయింది.

సంతకం కోసం వచ్చిన మనిషి పెన్ను తేలేదు!

"మరి... మరి నన్నెందుకు తరిమినావురా?"

"నువ్వు ఇంట్లో ఉండకూడదన్నాడు ప్రసాదన్న." కిషోర్ బాబు మొహం పక్కకు తిప్పుకున్నాడు. "నువ్వుంటే వదినను సంతకం పెట్టనీవంట. నన్ను తిట్టుకోమాకన్నా. నా నోటు కూడా ఆ బీరువాలోనే ఉండాది. నాలుగు లక్షలు."

బైకు ఎక్కాడు. వెళ్లిపోయాడు.

క్రీస్తురాజు ఫోన్ తీయబోయాడు. కవరు ముడి రావడం లేదు. పళ్లతో చింపాడు. ఫోన్ ఆన్ చేశాడు.

నోటు మీద రెండు సంతకాలు! తనదొక్కటే కాపాడుకున్నాడు. మణి చేత పెట్టించుకున్నా నోటు బతుకుతుందని ఆలోచించనే లేదు. లాయరమ్మకు చెప్పలేదు. మణికి చెప్పలేదు. ఎవరొచ్చినా సంతకం పెట్టొద్దని... ఆ ఒక్క ముక్క చెప్పి గోడ దూకి ఉంటే!

మెసేజీలు వరసగా పడుతున్నాయి. మణి. మణి. మణి. ఇరవైఏడు మిస్డ్ కాల్స్!

అంతలోనే మోగింది.

"మణీ!"

"యాడుండావయ్యా?" ఏసుమణి ఏడుస్తోంది. "బయటికొచ్చినావా? నీళ్లలోంచి బయటికొచ్చినావా?"

"వచ్చినా. నీకెవరు చెప్పినారు?"

"ప్రసాదన్న ఇంటికొచ్చినాడు. వీడియో చూపించినాడు. కాలవలో కర్ర పట్టుకొని వణకతా ఉండావు... చూసి నా ప్రాణం పోయింది! చలికి కాళ్లు పట్టేసినాయి, ఇంకాసేపుంటే మునిగిపోతాడమ్మా, మా వాళ్లు ఆడే ఉండారు, నువ్వు మాటిస్తే పైకి లాగుతారు అన్నాడు. నీకెన్ని సార్లు ఫోన్ చేసినానో!"

"ఏం మాట మణీ?"

"మాటేం లేదు. వంద రూపాయలిచ్చి ఒక కాగితం వెనకాల సంతకం పెట్టమన్నాడు. బియ్యం డబ్బాలో ఉండె, ఇచ్చేసినా. పెట్టేసినా. అప్పుడు ఎవరికో ఫోన్ చేసి, వదిలెయ్యండి అన్నాడు."

"టైమెంత అప్పుడు?"

"పన్నెండుకి ఐదు నిమిషాలుంది. సంతకం కింద తేదీ, టైమూ నా చేతే రాయించినాడు. ఎదురింటి చెంగయ్య మామను లేపి సాక్షి పెట్టించినాడు." ముక్కు ఎగబీల్చింది. "ఎందుకయ్యా అడగతా ఉండావు? ఆ సంతకంతో ఏమైనా అవుద్దా?"

క్రీస్తురాజు నోరు తెరిచాడు.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నీ గుంత పోయింది మణీ అని. మూడేళ్లు నీ దగ్గర దాచాను, అందుకే పోయింది అని.

కాలువ మీంచి గాలి వీచింది. తడి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. చుట్టూ మనిషన్నవాడు లేడు.

"మాట్లాడవేందయ్యా? ఏమైనా అవుద్దా?"

"ఏమీ కాదు మణీ" అన్నాడు. "నువ్వు పడుకో."