కాష్టం దాక మోసినవాడు

ఎమ్మెల్యే ఉపేందర్ పుట్టినరోజు కావడంతో కోదాడలోని ఆ ఇంటి ముందు తెల్లవారేసరికే శాలువాలు, బొకేలు బారులు తీరాయి. వంటింట్లో శ్రీవాణి మరో గిన్నె టీ దించింది. ఎమ్మెల్యే భార్య అంటే లోకం ఏమనుకుంటుందో గానీ, ఆమెకు తెలిసినంతలో అది సెలవుల్లేని టీకొట్టు ఉద్యోగం.

టీ పట్టుకుని వాకిట్లోకి వచ్చి అక్కడే ఆగిపోయింది. హుజూర్‌నగర్ కార్యకర్త లచ్చయ్య గేటుకు కట్టడానికి ఒక ఫ్లెక్సీ పరుస్తున్నాడు. దాని మీద పాడె మోస్తున్న ఉపేందర్ ఫోటో. ‘కార్యకర్త పాడె మోసిన మా పెద్దన్నకు జన్మదిన శుభాకాంక్షలు’ అని అక్షరాలు. ఆ పాడె మీద ఉన్నది శ్రీవాణి తమ్ముడు ధర్మేందర్. కిందటి ఎన్నికల్లో బావ ప్రచార బండి తోలుతూ, నిద్ర చాలక, మిర్యాలగూడ రోడ్డులో ఆగి ఉన్న లారీని గుద్ది పోయాడు.

"లచ్చన్నా, ఇసొంటివి ఇంకేడేడ కట్టిన్రు?"

"హుజూర్‌నగర్ బస్టాండ్ కాడ పెద్దది కట్టినం వదినా. మస్తు కనవడతది," అన్నాడు లచ్చయ్య మురిసిపోతూ.

ఆ బస్టాండ్ పక్క సందులోనే శ్రీవాణి తల్లి సక్కుబాయి ఉంటుంది. పాలప్యాకెట్ కోసం రోజూ ఆ దారినే వస్తుంది.

శ్రీవాణి ట్రే లచ్చయ్య చేతిలో పెట్టి లోపలికి నడిచింది. ఉపేందర్ అద్దం ముందు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"ఆ ఫ్లెక్సీలు ఇప్పుడే దింపియ్యి. మా అమ్మ సూస్తె తట్టుకోదు."

"పోరగాళ్ళు ప్రేమతోని కట్టిన్రు వాణీ. ఇంకాసేపైతే మంత్రిగారు వస్తరు. ఇయ్యాల్టికి ఉండనియ్, రేపు తీపిస్త."

"నా తమ్ముని పీనుగతోని ఓట్లడుగుతవా?"

"జర మెల్లగ. బయట జనం ఉన్నరు. అయినా లేనిది ఏసిన్రా? మోసిన గద నేను."

"ఎంతదూరం మోసినవ్?"

ఉపేందర్ చెయ్యి గుండీ మీదే ఆగిపోయింది.

"నేన్జెప్త. మా అమ్మోళ్ళ సందు చివరి దాక. ఫోటోలు అయిపోయినయ్, భుజం మార్చినవ్, కారెక్కినవ్. ఆడ వానికి నిప్పు వెట్టకముందే సూర్యాపేట మీటింగ్‌ల నువ్వు మాట్లాడేది ఫోన్ల లైవ్ సూసిన. ఊరోళ్ళ చావులన్నిటికీ పోతవ్. వాని చావుకే రాలేదు నువ్వు."

నియోజకవర్గంలో ఎవరు పోయినా వెళ్ళడం, పాడెకు ముందు వైపు భుజం పెట్టడం, కెమెరా పక్కకు జరగగానే ఇంకొకరికి అప్పగించడం అతనికి ఏళ్ళ అలవాటు. బామ్మర్ది పాడె కింద కూడా ఆ భుజం అలవాటు చొప్పునే నడిచింది. పాపం, అది తప్పని ఆ రోజు తోచనైనా లేదు.

శ్రీవాణి ఒక్కతే హుజూర్‌నగర్ బస్సుకు బయలుదేరింది. వీధి మలుపులో వెనక నుంచి కారు వచ్చి ఆగింది. "ఎక్కు," అన్నాడు ఉపేందర్. మంత్రి సంగతి ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

వాళ్ళు చేరేసరికే సక్కుబాయి ఫ్లెక్సీ కింద నిలబడి ఉంది. శ్రీవాణి పరుగున పోయి తల్లిని పట్టుకుంది.

"సూడకమ్మా. ఇంటికి పోదాం దా. ఇప్పుడే దింపిస్తం."

"ఎందుకు బిడ్డా దింపుడు?" సక్కుబాయి కళ్ళు తడిగా ఉన్నాయి, కోపం మాత్రం లేదు. పక్కన పండ్లమ్మే ఆమెతో, "గీయనే మా అల్లుడు. ఎమ్మెల్యే అయినా నా కొడుకును కాష్టం దాక ఇడిసిపెట్టకుంట మోసిండు. ఆడోళ్ళం కాటికాడికి పోం గద. ఈయన తోడున్నడన్న ధైర్యంతోనే నేను బతికిన," అంది.

సక్కుబాయి అల్లుడి వైపు తిరిగింది.

"సివరిదాక ఉన్నవ్ గద అల్లుడూ? ఆఖరుకు మొఖం మీది గుడ్డ తీసినప్పుడు ఎట్లుండె నా కొడుకు?"

మైకు ముందు ఏనాడూ తడబడని మనిషి భార్య వైపు చూశాడు. నిజం చెప్పేస్తుందేమోనని భయపడ్డాడు. చెప్పేస్తే బాగుండునని కూడా అనిపించింది.

"అవునమ్మా, కాష్టం దాక ఈయనే మోసిండు," అంది శ్రీవాణి. "నిద్రవోయినట్టే ఉండెనంట తమ్ముడు."

ఉపేందర్ బస్టాండ్ ముందు, అంత జనంలో, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎవరో ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నారు. సక్కుబాయి కొంగుతో అతని కళ్ళు తుడుస్తూ, "నా కొడుకంటె గింత పాణమా అయ్యా నీకు," అని తనూ ఏడ్చింది.

శ్రీవాణికి ఏడుపు రాలేదు. భర్త చెయ్యి తన చెయ్యిని వెతుక్కుంటూ వస్తే తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు.