విప్పిన కుట్టు

ఉదయం మనవరాలు స్నానానికి వెళ్ళగానే ముసలి దర్జీ మిషను మీది గౌను తీసి కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు. ఒళ్ళు మండింది. పదకొండేళ్ళ పిల్ల రెండు వారాలు కష్టపడి కుట్టిన గౌను. చేతులు రెండూ కుడిది ఎడమకి, ఎడమది కుడికి తారుమారయ్యాయి. ముందుకు రావలసిన చంక లోతు వెనక్కి పోయింది.

ఆ రోజే బడిలో చేతిపనుల ప్రదర్శన. ఆయన బ్లేడు అందుకున్నాడు. పిల్ల జడలు వేయించుకుని వచ్చేసరికి చేతులు విప్పి, మార్చి కుట్టి, ఎప్పటిలా మడిచి పెట్టేశాడు. ఎవరికీ చెప్పలేదు.

భార్య ఉంటే ఇది సాగేది కాదు. చుట్టుపక్కల పిల్లలు పదిమంది వాకిట్లో చేరి ఆమె దగ్గర లెక్కలు చేసుకునేవాళ్ళు. ఒక్కరి పలక కూడా ఆమె తుడిచేది కాదు. "ఇదెలా వచ్చిందో చెప్పు నాన్నా" అనేది. వాడు చెప్పుకుంటూ పోయి తప్పు దగ్గర తనంతట తానే ఆగేదాకా కూరగాయలు తరుక్కునేది. ఆమె పోయి ఆరేళ్ళు. ఆ వాకిలి అంత నిశ్శబ్దంగా ఉండడం ఆయనకి ఇప్పటికీ కోపమే.

సాయంత్రం పిల్ల వస్తూనే గౌను ఆయన ఒళ్ళోకి విసిరికొట్టింది.

"ఇంకెప్పుడూ నీ మిషను ముట్టుకోను తాతయ్యా!"

లోపలికి పోయి తలుపేసుకుంది. వెనకే వచ్చిన కూతురు చెప్పులైనా విడవలేదు.

"విప్పి కుట్టావు కదూ?"

"తిరగేసి తగిలించింది. నలుగురిలో నవ్వులపాలు కానివ్వమంటావా?"

"ఇప్పుడేమైంది మరి? గౌను చూసి టీచరు మురిసిపోయి, వేరే గుడ్డకి ఒక చెయ్యి అతికించి చూపించమంది. మళ్ళీ తిరగేసే అతికించింది. గౌను ఎవరు కుట్టారో నిజం చెప్పమని నిలదీస్తే నేనేనని ఏడ్చింది. పాపం, నిజమనుకునే చెప్పింది. అబద్ధాలకోరు అనిపించుకుని వచ్చింది నాన్నా!"

"నలభై ఏళ్ళు కుట్టినవాణ్ణి. వంకర కుట్టు చూస్తూ ఊరుకోలేను."

"తెలుసు. తొమ్మిదేళ్ళప్పుడు నేనొక సంచి కుట్టుకున్నాను. బడి నుంచి వచ్చేసరికి నున్నగా ఉంది. అది నాది కాదని చూడగానే తెలిసింది. మళ్ళీ సూది పట్టానా? ఎందుకు పట్టలేదని ఒక్కసారైనా అడిగావా?"

"ఇష్టం లేదనుకున్నాను."

"దర్జీ కూతుర్ని. గుండీ ఊడితే పక్కింటావిడని బతిమాలుకుంటాను. రేపటి నుంచి దానికి నువ్వేమీ నేర్పకు. చాలు."

ఆయన లేచి మనవరాలి గది తలుపు దగ్గరికి వెళ్ళాడు.

"పిచ్చుకా! తలుపు తియ్యకపోతే మానె, విను. గౌను చేతులు నువ్వు తిరగేసి కుట్టావు. పొద్దున నేను మార్చాను. నువ్వు అబద్ధం ఆడలేదు. దొంగపని చేసింది నేను. మీ టీచరుకి రేపు నేనే వచ్చి చెప్తాను."

"నీకేం తెలుసు? నువ్వెప్పుడూ తప్పు కుట్టలేదుగా!"

"నేనా? పద్నాలుగేళ్ళప్పుడు ఒక పెద్దమనిషి ప్యాంటుకి రెండూ ఎడమ కాళ్ళే కత్తిరించాను."

అవతల ముక్కు చీదిన చప్పుడు. వెంటే ఆపుకోలేని నవ్వు.

"మీ గురువు కొట్టాడా?"

"కొట్టలేదు. రెండు కాళ్ళూ నా ముందు పరిచి, ఎక్కడ తప్పు పోయిందో నువ్వే చూసుకో అన్నాడు. కుర్చీ తీసుకుని బయటికెళ్ళి కూర్చున్నాడు. సాయంత్రం దాకా లోపలికి తొంగి చూడలేదు."

ఆ రోజు గురువు తనని గాలికి వదిలేశాడని ఆయన ఇన్నేళ్ళూ కోపం పెట్టుకున్నాడు. తప్పు ఎదురుగా ఉండగా, దిద్దే చెయ్యి ఉండగా, అంతసేపు లోపలికి రాకుండా ఉండడం ఎంత కష్టమో ఇవాళ అర్థమయింది.

తలుపు తెరుచుకుంది. పిల్ల చేతిలో బడిలో కుట్టిన గుడ్డ ఉంది.

"ఇందులో తప్పెక్కడ?"

చెప్పబోయి నోరు మూసుకున్నాడు. "చూసుకో" అని స్టూలు తీసుకుని వాకిట్లోకి నడిచాడు.

కాసేపటికి మిషను కదిలింది. ఆగింది. కుట్టు పర్రున విప్పిన చప్పుడు. "అయ్యో, మళ్ళీ అదే!" అని పిల్ల కేక. ఆయన సగం లేచాడు. కూతురు వచ్చి చొక్కా పట్టి లాగి, పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"ఎంతసేపు నాన్నా?"

"దానికి తెలిసేదాకా" అన్నాడు. కారుతున్న కళ్ళు తుడుచుకోలేదు.