పస్తు గది

మా షెడ్డు వెనకవైపున్న చిన్న గదిని పస్తు గది అంటాం. ఆకుపచ్చ నాచుని గంధకం లేని నీళ్ల తొట్లలో వేసి, మూత బిగించి, ఆ చీకట్లో ఉంచుతాం. నీళ్లలో ఉన్న ప్రాణవాయువునంతా అది పీల్చేసుకుంటుంది. అప్పుడు దీపాల కిందికి తెస్తే, వేరే దారిలేక హైడ్రోజన్ వదులుతుంది. ఈలోపు వెలుగు తగిలిందా, మొదటికొస్తుంది పని. అందుకే లోపలికెళ్లినవాళ్లు వెంటనే తలుపేసుకోవాలి.

ఆ మధ్యాహ్నం ఒక తొట్టి మూత వదులైందని బావ లోపలికెళ్లాడు.

"మీ అక్క ఫోన్ చేస్తే నన్ను నాచు మింగేసిందని చెప్పు," అన్నాడు తలుపేసుకుంటూ.

"నిన్ను మింగితే దానికే అరగదు బావా."

గదిలో ప్రాణవాయువు ఎంతుందో బయటి మీటరు చూపిస్తుంది. ఇరవై ఒక శాతం, మామూలు గాలిలో ఉన్నంత. కాసేపటికి ఇరవై. టీ తాగుతూ చూస్తున్నాను. పంతొమ్మిది. గ్లాసు కింద పెట్టేశాను.

తలుపు సందులోంచి వాసన వస్తోంది, తడి గోనెసంచిని రోజుల తరబడి మూటకట్టి అప్పుడే విప్పినట్టు. లోపలెక్కడో బుడగలు మెల్లగా చిట్లుతున్నాయి.

పద్దెనిమిది. బావ వెళ్లి పది నిమిషాలైంది. మూత ఊడినా నాచు ఇంత వేగంగా పీల్చలేదు. గది కొలత తెలుసు. మనిషి నిమిషానికెంత పీలుస్తాడో తెలుసు. నోటితోనే లెక్క కట్టాను. నమ్మలేక మళ్లీ కట్టాను.

లోపల నూట ఇరవై మంది ఊపిరి పీలుస్తున్నారు.

"బావా, వచ్చెయ్."

తలుపుకి చెవి ఆనించాను. శ్వాసలు... ఒకటి కాదు. అన్నీ ఒకేసారి లోపలికి... ఒకేసారి బయటికి.

"తియ్యకురా," బావ గొంతు, గుసగుసగా. నా చెవికి అవతలే, చెక్కకి పెదాలు ఆనించినట్టు. "వెలుగు పడితే చెడిపోతాం."

నాచు చెడిపోతుంది అనాలి కదా...

పదిహేడు.

భుజంతో తోశాను. తలుపు దగ్గర ఎవరూ లేరు. గది ఆ చివర, తొట్టి పక్కన, బావ బోర్లా పడి ఉన్నాడు. ఇంకెవరూ లేరు. శ్వాసలు ఆగిపోయాయి.

చంకల కింద చేతులేసి ఎండలోకి ఈడ్చుకొచ్చాను. పెదాలు నీలంగా ఉన్నాయి. ఛాతీ కదిలింది. బతికే ఉన్నాడు.

"బావా..." అంటూ మొహం మీదికి వంగాను.

నా చొక్కాకి తగిలించుకున్న హైడ్రోజన్ అలారం మోగింది. ఆరుబయట, పైన ఆకాశం తప్ప ఏమీ లేని చోట. వెనక్కి జరిగాను. ఆగిపోయింది.

మళ్లీ దగ్గరికి వంగాను. బావ ఊపిరి వదిలాడు.

మళ్లీ మోగింది.