ఒంటికాలి కొంగ

దాన్యూబ్ ఒడ్డున మా ఊళ్ళో ఏటా తొలి కొంగను చూసేది నేనే. అది ఇంకా సముద్రం దాటుతుండగానే నాకు ముక్కు దురద పెడుతుంది. ఇందులో అబద్ధమేమీ లేదు.

కాకపోతే ఆ ఏడు మాత్రం నేను ముఖం మీద టోపీ వేసుకుని ఎండలో గురక పెడుతున్నాను. ముందు చూసింది రెండో తరగతి చదివే కలీన. కొంగ బేకరీ పొగగొట్టం మీద నిలబడి ఉందట. ఆ పిల్ల సంబరంగా బడికి పరిగెత్తి ఒగ్న్యాన్ మాస్టారికి చెప్పింది.

మార్చి ఒకటిన మా బల్గేరియాలో అందరం మణికట్టుకు ఎరుపు తెలుపు దారం కట్టుకుంటాం. కొంగ కనబడ్డాక విప్పి, పూసిన కొమ్మకు కడతాం. ఎగిరే కొంగను చూస్తే ఏడాదంతా హుషారు, నిలబడ్డ కొంగను చూస్తే ఏడాదంతా బద్ధకం అని మా ముసలమ్మల మాట.

ఒగ్న్యాన్‌కు నోరు ఊరుకోదు. "నిలబడ్డదాన్ని చూశావా? అయితే ఈ ఏడు నీ చేత అక్షరం రాయించడం నా వల్ల కాదులే" అన్నాడు. తరగతంతా పగలబడి నవ్వింది. సాయంత్రానికి ఆయన ఆ మాట మరిచిపోయాడు.

కలీన మరవలేదు. పొద్దున లేస్తే కడుపునొప్పి. ఆటల గంటలో గోడకు ఆనుకుని కూర్చునేది. నాలుగు మాటలు రాయడానికి పూటంతా పట్టేది. కొంగ మహిమ చూశారా అని ఒగ్న్యాన్ టీచర్ల గదిలో జోకు వేశాడు.

ఆ గదిలో రలీత్స ఉంది. పిల్లల మనసులు చూసుకోవడానికి పట్నం నుంచి వారానికి రెండు రోజులు వచ్చే కౌన్సెలర్. బస్సు కుదుపులు పడలేక బదిలీ అడుగుదామనుకుంటోంది. అది తెలిసి ఒగ్న్యాన్ రోడ్డు మీది గుంతలన్నీ తానే మట్టి పోసి పూడుస్తున్నాడని ఊరంతా చెప్పుకునేవారు.

"మాస్టారూ, ఆ పిల్ల రబ్బరు చూశారా? కొత్తది, అప్పుడే గోరంత మిగిలింది. బద్ధకస్తులు రాసిందే తుడిచి తుడిచి రాస్తారా?" అంది రలీత్స.

"మరేంటంటారు డాక్టరమ్మా?"

"నేను డాక్టర్ని కాను. అది బద్ధకం కాదు, భయం."

ఆమె కొన్నాళ్ళుగా ఏమీ అడక్కుండా కలీన పక్కన అదే గోడకు ఆనుకుని కూర్చుంటోంది. చివరికి పిల్లే నోరు విప్పింది. కొంగ బద్ధకం తనకు పట్టిందట, బద్ధకస్తులను మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోబెడతారట.

అదంతా తన మాట వల్లేనని ఒగ్న్యాన్‌కు అప్పుడు తెలిసింది. ఏం చెయ్యమంటారని అడిగాడు. ఏ తరగతిని నవ్వించారో ఆ తరగతి ముందే తప్పని ఒప్పుకోమంది రలీత్స. మాట చాలు, వేషాలు వద్దని కూడా చెప్పింది. ఆ రెండోది ఆయన చెవిన పడలేదు.

మర్నాడు దుప్పటి రెక్కలు, క్యారెట్ ముక్కు, మా కొంగలవి ఎర్ర కాళ్ళు కాబట్టి తన నాన్నమ్మ ఎర్ర మేజోళ్ళు తగిలించుకుని ఆటస్థలంలో గడ్డిమోపు ఎక్కాడు.

"కలీనా, ఆ రోజు నేనన్నది తప్పు. నువ్వు బద్ధకస్తురాలివి కావు. నిన్ను ఎవరూ వెనక తరగతికి పంపరు. కొంగలకు అంత శక్తే ఉంటే ఏటా వాటిని చూసే నాకు ఈపాటికి పెళ్ళయ్యుండేది."

అని ఎగిరాడు. గడ్డిమోపుకూ నేలకూ మధ్య ఎంత దూరముందో అంతా ఎగిరి, బురదలో వాలాడు.

అందరూ కలీన వైపు చూశారు. ఆ పిల్ల మెల్లగా దగ్గరికొచ్చి వంగి చూసింది.

"సార్, కొంగలు వాలేటప్పుడు ముందుగా కాళ్ళు పెడతాయి. మీరు ముక్కు పెట్టారు."

అని పకపకా నవ్వింది. ఎన్నాళ్ళకో.

ఆ ఒక్క నవ్వుతో కడుపునొప్పి ఎగిరిపోయిందని నేనంటే రలీత్స ఒప్పుకోదు. గోడ పక్కన కూర్చోవడం ఆమె మానలేదు, ఒగ్న్యాన్ కూడా వచ్చి చేరాడు. నొప్పి మెల్లమెల్లగా తగ్గింది. తర్వాత కొన్న రబ్బరు వేసవి దాకా వచ్చింది.

మళ్ళీ ఆ రోజుకొస్తే, పిల్లలు లోపలికి వెళ్ళాక ఒగ్న్యాన్ బెణికిన కాలు పైకెత్తి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. రలీత్స ఎదురుగా వచ్చింది. పట్నంలో కొంగ కనబడక ఆమె చేతికి దారం ఇంకా అలాగే ఉంది.

"వేషాలు వద్దన్నాను కదా?"

"అది నాకు వినబడలేదండీ."

ఆమె దారం విప్పి ఆయన చొక్కా గుండీకి కట్టింది.

"ఈ ఏడు నేను చూసిన తొలి కొంగ మీరే. అదీ నిలబడి ఉన్నారు. ఇక ఏడాదంతా నాకు బద్ధకమే. బదిలీ అడిగే ఓపిక కూడా లేదు."

"మరి వచ్చే ఏడు?"

"వచ్చే ఏడూ ఇలాగే నిలబడండి."

కొంగలు మళ్ళీ వచ్చేసరికి వాళ్ళిద్దరికీ పెళ్ళయింది. నాన్నమ్మ దీవించి, ముందు తన మేజోళ్ళు ఇవ్వమంది. అవి ఎర్రవి కావు, ఊదారంగువి, మీద పసుపు పూలు. ఈ కథలో నేను కల్పించింది ఆ ఎరుపొక్కటే. ఊదాకాళ్ళ కొంగను చూసి ఓ పట్నం పిల్ల మనసు పారేసుకుందంటే మీరు నమ్ముతారా?