కాలిన చెయ్యి మీద ఆముదం

“నీ ఆముదం నీ కాళ్ళకి రాసుకో అత్తా! మా పిల్ల చేతికెందుకు రాసేవు?”

కనకం పిన్ని గొంతు రైల్వే కాలనీలో చివరి క్వార్టర్ దాకా వినిపించింది. పెరట్లో లెక్కలు చేసుకుంటున్న నీలవేణి పెన్సిల్ పడేసి లోపలికి పరుగెత్తింది.

గుమ్మంలో పక్క క్వార్టర్ కనకం పిన్ని, ఆమె వెనక తేజస్వి. తేజస్వి అరచేతికి తెల్లటి కట్టు. వాళ్ళ ఎదురుగా మామ్మ, అంటే నీలవేణి నాన్నగారి అమ్మ, నిలబడి ఉంది.

“ఆస్పత్రిలో నర్సు నన్నెన్ని మాటలందో తెలుసా? ‘జలే పే తేల్ కిస్నే లగాయా’ అని, కాలినదాని మీద నూనె ఎవరు రాసేరని అందరిముందూ అడిగింది. కాలినచోట నూనె రాస్తే వేడి లోపలే ఉండిపోద్దట. చల్లటి నీళ్ళు పోసుంటే బొబ్బ ఇంత లేచేది కాదట. ఇంత వయసొచ్చింది, ఆమాత్రం తెలీదేటి?”

నీలవేణికి ఒళ్ళు మండిపోయింది. మామ్మని అంత మాటంటుందా! బిలాస్‌పూర్ చలికి లోకో షెడ్‌లో పనిచేసే నాన్న మడమలు పగిలి నెత్తురు కారుతుంటే, రోజూ ఆముదం గోరువెచ్చగా చేసి రాసింది మామ్మే. పోయినేడు ఇదే పిన్ని గిన్నె పట్టుకొచ్చి ఆముదం అడిగి తీసుకెళ్ళింది. అదంతా మర్చిపోయిందా?

గట్టిగా అడిగేద్దామని నోరు తెరిచింది. అప్పుడే తేజస్వి తనవైపు చూసింది. ఆముదం ఎవరు రాశారో తేజస్వి వాళ్ళమ్మకి చెప్పలేదని నీలవేణికి అర్థమైంది. తెరిచిన నోరు మూసేసుకుంది.

పొద్దున మామ్మ బొగ్గుల కుంపటి, ఇక్కడివాళ్ళనే సిగ్డీ, రాజేసి, పొగ పోయేదాకా వాకిట్లో ఉంచి, రేషన్ షాపుకి వెళ్ళింది. ఆడుకుంటూ తేజస్వి సిగ్డీ అంచు మీద చెయ్యి వేసేసింది. కెవ్వుమని, “పానీ, పానీ” అంటూ కుళాయి వైపు పరుగెత్తబోయింది. నీలవేణే ఆపింది.

“నీళ్ళెందుకు? మా ఆముదం అన్నిటికీ పనిచేస్తుంది!” అని సీసా తెచ్చి ధారగా పోసి రుద్దింది.

మామ్మ ఒక్కసారి నీలవేణి కేసి చూసింది. “తప్పయిపోనాది తల్లీ. ముందు పిల్లకి అన్నం పెట్టు,” అంది.

కనకం పిన్ని విసురుగా వెళ్ళిపోయింది.

“చెయ్యని తప్పు ఎందుకొప్పుకున్నావు మామ్మా?” నీలవేణి కాలు నేలకేసి కొట్టింది. “నేను రాయలేదని చెప్పొచ్చు కదా!”

“మరి ఎవరు రాసేరని అడిగితే ఏటి చెప్పను?”

మామ్మ సగం ఖాళీ అయిన ఆముదం సీసా తీసి చూపించింది.

“పగిలిన మడమకి రాసేను. ఎండిపోయిన చేతులకి రాసేను. కాలిన చోట రాయమని నీకు ఎప్పుడు చెప్పేనే?”

ఎప్పుడూ చెప్పలేదు. ఇందాక నీలవేణికి పిన్ని మీద కోపం, ఇప్పుడు మామ్మ మీద కోపం. ఎంత వెతికినా వాళ్ళిద్దరి తప్పూ కనబడలేదు. మిగిలింది తనొక్కతే.

సాయంత్రం కుళాయి దగ్గర కనకం పిన్ని ఇద్దరు ఆడవాళ్ళతో, “ఆ ముసలమ్మ దగ్గరకి పిల్లల్ని రానివ్వకండి,” అంటోంది. నీలవేణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిన్నగా వెళ్ళి ఎదురుగా నిలబడింది.

“పిన్నీ, మా మామ్మ కాదు. నేనే రాసేను. తేజు నీళ్ళు పోసుకుంటానంటే నేనే వద్దన్నాను. అప్పుడు మామ్మ ఇంట్లోనే లేదు.”

ముగ్గురూ ఇటు తిరిగారు. బకెట్ నిండి పొర్లిపోతోంది.

“అచ్ఛా! మరి ఇందాక నోరు మెదపలేదేమే?”

“భయమేసింది.”

“ఇప్పుడు లేదేటి?”

“ఉంది.”

కనకం పిన్ని తిట్టింది. గట్టిగానే తిట్టింది. నీలవేణి తల వంచుకుని అంతా వింది, కదల్లేదు. తిట్టడమయ్యాక పిన్ని కుళాయి కట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకుని, మామ్మ దగ్గరకి నడిచింది.

నీలవేణి పిన్ని వదిలేసిన నిండు బకెట్‌ని రెండు చేతులా ఎత్తుకుని తేజస్వి వాళ్ళింటికి బయలుదేరింది.