సముద్రం వాపసిచ్చిన బతుకమ్మ

"బస్సు మీద టెంట్లు పెట్టాల్నా, మీ పూలబుట్ట పెట్టాల్నా మేడం?"

"రెండూ పెట్టాలె సార్. జాగ చాలదంటే మీరు దిగుండ్రి."

జూలూరుపాడు బడి తొమ్మిదో తరగతి పిల్లలు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి కిసకిస నవ్వారు. పీఈటీ కిషోర్ సార్‌కూ సైన్స్ మధులత మేడంకూ తగవు పడని రోజు వాళ్ల లెక్కలో సెలవు రోజే.

బాపట్ల వైపు సముద్రపొడ్డున మూడు రోజుల క్యాంపు. సరిగ్గా బతుకమ్మ రోజులు. ఒక్క సాయంత్రమైనా ఆడనివ్వకపోతే రామని ఆడపిల్లలు మొండికేశారు. అందుకే అడవి అంచున తెంపిన గునుగు, తంగేడు తడిగుడ్డ కప్పుకుని బయల్దేరాయి. తల్లాడ దాటేసరికి ఆ బుట్ట కిషోర్ ఒళ్లో ఉంది. వైరా దాటేసరికి దాని మీద నీళ్లు చిలకరిస్తున్నదీ అతనే. మధులత చూసింది. చూడనట్టు కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

అంతలోనే ఆ నవ్వు వాడిపోయింది. ఆదివారం కొత్తగూడెంలో తనకు పెళ్లిచూపులు. అబ్బాయి వాళ్లను రమ్మనాలో వద్దో ఈ సాయంత్రంలోగా చెప్పమంది అమ్మ. ఈ సంగతి నిన్న స్టాఫ్‌రూములో కిషోర్‌కు వినపడాలనే గట్టిగా చెప్పింది. గ్రౌండంతా మారుమోగేలా అరిచే మనిషి, "అట్లనా" అన్నాడు. అంతే! ఆ "అట్లనా"ను ఏం చేసుకోవాలి? పచ్చడి చేసుకుని నంజుకోవాలా?

సముద్రం కనబడగానే బస్సులో గోల ఠక్కున ఆగింది.

"అవతలి ఒడ్డేది మేడం?" అంది సంగీత. గోదావరి తప్ప పెద్ద నీళ్లు చూడని పిల్ల.

సాయంత్రం ఇసుకలో గుండ్రంగా తిరుగుతూ, చప్పట్లు కొడుతూ తనివితీరా ఆడారు. చివరికి, "పోయి రా బతుకమ్మా!" అంటూ పూలు పేర్చిన వెదురు సిబ్బిని నీళ్లలో వదిలారు. ఒక అల వచ్చింది. బతుకమ్మను భద్రంగా తెచ్చి మధులత కాళ్ల దగ్గర పెట్టి వెళ్లిపోయింది.

మళ్లీ వదిలారు. మళ్లీ తెచ్చింది.

"మన చెరువు గిట్ల చెయ్యదు మేడం," సంగీత ముఖం చిన్నబోయింది.

"పోయి రమ్మన్నరు గదా, వచ్చింది," అన్నాడు వాళ్ల క్లాసు భీమ్లా.

కిషోర్ ప్యాంటు మడిచి సిబ్బి ఎత్తుకున్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో, అల అతన్నీ బతుకమ్మనీ కలిపి ఒడ్డుకు దొర్లించింది. నెత్తిన గునుగుపూలతో లేచి నిలబడ్డాడు.

"సార్‌ను గూడ వాపస్ ఇచ్చింది!" పిల్లలు గోల చేశారు.

మధులత పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత చున్నీ నడుముకు బిగించింది. "ఒక్కరితోని కాదు సార్. అటు మీరు పట్టుండ్రి, ఇటు నేను పడతా."

"మీకు నీళ్లంటే భయం గదా?"

"మీకెవరు చెప్పిండ్రు?"

"అడిగి తెలుసుకున్న."

"అడుగుడు వస్తదన్నమాట!"

పిల్లలను ఒడ్డునే ఉండమని ఇద్దరూ దిగారు. నీళ్లు మోకాళ్లు దాటి నడుము దాకా వచ్చాయి. "అల వస్తుంది, ఎగురుండ్రి!" అన్నాడు కిషోర్. ఎగిరారు. అతని చేయి ఆమె చేతిని పట్టుకుంది. అల వెళ్లినా చేయి వెళ్లలేదు.

"సార్, ఆదివారం వాళ్లకు ఏం చెప్పాలె?"

"ఇప్పుడా మేడం!"

"ఒడ్డున అడిగితే అట్లనా అంటరు."

కిషోర్ నోట్లోని ఉప్పునీళ్లు ఉమ్మేశాడు. "రావద్దనుండ్రి."

"ఎందుకు?"

"మా అమ్మను తీసుకొని నేను వస్తున్న. మీరంటే నాకు శానా ఇష్టం. యాడాది సంది రోజూ చెప్దామని వచ్చుడు, మీ ముఖం చూసి తగవు పెట్టుకొని పోవుడు. ఇదే పనైంది."

సిబ్బి వాళ్ల చేతుల్లోంచి జారి, ఈసారి వెనక్కి తిరగకుండా సాగిపోయింది. ఒడ్డున పిల్లలు కేకలు పెట్టారు. వీళ్లిద్దరూ బతుకమ్మ వైపు చూడనేలేదు.

తడి బట్టలతోనే మధులత తల్లి శోభారాణికి ఫోన్ చేసింది. "అమ్మా, ఆదివారం వాళ్లను రావద్దను. వేరేటోళ్లు వస్తున్నరు."

"ఎవరే?"

"మా పీఈటీ సార్ వాళ్లు."

"నువ్వు రోజూ ఇంటికొచ్చి తిట్టే సారేనా?"

"అవ్."

"గదే అనుకున్న. ఇంకొక పిలగాని పేరు నీ నోట ఎన్నడన్న వింటినా? సరే, మంచిగనే ఉంది. ఎంతమంది వస్తరు? వంట చెయ్యాలె గదా."

మధులత కిషోర్ వైపు తిరిగింది. "ఎంతమంది వస్తరు సార్?"

అతను నోరు తెరిచేలోపే వెనక నుంచి తొమ్మిదో తరగతి మొత్తం అరిచింది. "మేమందరం వస్తం మేడం!"

"వాళ్లెవరే?" శోభారాణి హడలిపోయింది.

"పిలగాని తరఫోళ్లమ్మా," అంది మధులత.