ఆ పిలుపుకి పలికినవాడు

నాంపల్లి స్టేషన్ వెనక సందులో, ఒక పాత మేడ మీది వాటాలో అమరేశ్వరరావు ఒంటరిగా ఉండేవాడు. తెనాలి వైపు మనిషి. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. పెళ్లి చేసుకోలేదు. ముసలితనంలో కాళ్లు రెండూ చచ్చుబడ్డాక, మేనల్లుడు ఎక్కడెక్కడో వెతికి అంజన్ అనే కుర్రాణ్ణి తోడు పెట్టాడు. నారాయణపేట దగ్గర పల్లె వాడిది.

మొదట్లో ఇద్దరికీ పడేది కాదు. పరాయివాడి చేత ఒళ్లు తోమించుకోవాల్సి వచ్చిందన్న ఉక్రోషంతో ముసలాయన కసురుకునేవాడు. అంజన్ నవ్వేసేవాడు.

"జర చెయ్యి లేపు తాతా. సబ్బు కంట్ల పడితే మళ్ల నన్నే తిడతవ్."

ఆ నవ్వుకి ముసలాయన లొంగిపోయాడు. ఆదివారం వస్తే అంజన్ ఆయన్ని వీపున మోసి మెట్లు దింపి, చక్రాల కుర్చీలో అబిడ్స్ తీసుకెళ్లేవాడు. ఫుట్‌పాత్ మీద పాత డిటెక్టివ్ నవలలు ఏరుకొచ్చేవాళ్లు. అంజన్ కూడబలుక్కుని చదువుతుంటే, హంతకుడెవరని ఇద్దరూ చిన్నపిల్లల్లా పోట్లాడుకునేవాళ్లు.

ఆ వానాకాలం ఆయన్ని జ్వరం పట్టుకుని వదల్లేదు. జ్వరంతో పాటే ఆ పిలుపూ మొదలైంది.

దీపాలు పెట్టేవేళకి కింద మెట్ల దగ్గర్నుంచి వచ్చేది. "అమరం..." అని. వాళ్లమ్మ పిలిచే ముద్దుపేరు. అమ్మ పోయాక ఆ పేరు ఎరిగినవాళ్లే లేరు. కానీ అది అమ్మ గొంతు కాదు. ఆడదో మగదో కూడా తెలియని గొంతు. అంజన్‌కీ వినబడింది.

"పలుకకు తాతా. గట్ల పిలిస్తే, పలికినోన్ని తీస్కపోతదని మా ఊర్ల అంటరు."

"తీసుకుపోనీరా. ఈ మంచంలో ఇంకెన్నాళ్లు?"

"మరి నాతోని ఎవరు మాట్లాడుతరు?"

ఒకరోజు సాయంత్రం వాన దంచికొట్టింది. కరెంటు పోయింది. రోడ్డు మీది ఆటోల మోత సన్నబడి సన్నబడి ఆగిపోయింది. గోడల చెమ్మ వాసనలో ఇంకో వాసన కలిసింది... నీళ్లు చల్లి ఆర్పిన కట్టెల వాసన.

"అమరం..."

ఈసారి మెట్ల కింద కాదు. మెట్ల మధ్యలోంచి.

"అమరం..."

తలుపు అవతల.

తడికాళ్లు నేలకి రాసుకున్న చప్పుడు. గడియ కదిలింది... మెల్లగా... ఆగింది.

ముసలాయనకి ఎక్కడలేని అలసట కమ్ముకొచ్చింది. భయపడే ఓపిక కూడా లేదు. పలుకుదామని నోరు తెరిచాడు. అంజన్ గభాలున అరచేత్తో ఆ నోరు మూశాడు. 

"వద్దు తాతా..."

అని, వాడు తలుపువైపు తిరిగాడు.

"ఓ..." అన్నాడు. "వస్తున్న."

ముసలాయన వాడి చొక్కా పట్టుకోబోయాడు. అందలేదు. అంజన్ తలుపు తీశాడు. ఎవరూ లేరు. చీకటి, వాన. గడియ పెట్టి, తిరిగొచ్చి దుప్పటి సర్దాడు.

"ఎవ్వరు లేరు. ఫికర్ చెయ్యకు, పండుకో."

మంచం పక్కనే చాప మీద ఒరిగాడు. తెల్లారి ఎంత పిలిచినా లేవలేదు.

ముసలాయన ఏడుపు విని పక్కవాటావాళ్లు వచ్చి తలుపు బాదారు. ఆయన వెళ్లి గడియ తీశాడు. తీశాక గానీ తెలియలేదు, తాను నిలబడి ఉన్నానని.

నిద్రలో గుండె ఆగిందన్నారు దవాఖానలో. ముసలాయన జ్వరం దిగిపోయింది. చూసినవాళ్లంతా అదృష్టవంతుడన్నారు. ఆ కాళ్లని చూసుకుంటే ఆయనకి దుఃఖం ఆగేది కాదు. రోజూ పొద్దుగూకగానే తలుపులు బార్లా తీసి మెట్ల మీద కూర్చునేవాడు.

"అమరాన్ని నేను. ఇదిగో, పలుకుతున్నా. వాణ్ణి వదిలిపెట్టు."

పిలుపు మళ్లీ రాలేదు.

దినకర్మలయ్యాక అంజన్ తల్లి పూలమ్మ, కొడుకు బట్టలు తీసుకుపోవడానికి వచ్చింది. ఆయన లేచి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. నీ కొడుకు నా బదులు పోయాడమ్మా అని చెప్పాలనుకున్నాడు. పూలమ్మ ఆయన మొహం చూసి జాలిపడింది.

"ఏమన్న తిన్నవా పెద్దయ్యా?"

తిన్నానమ్మా అనబోయాడు. నోట్లోంచి వచ్చిన మాట ఆయనది కాదు. గొంతూ ఆయనది కాదు.

"ఇంకా తినలేదే అవ్వా... గీడ మస్తు చీకటుంది."

పూలమ్మ గ్లాసు కింద పెట్టింది. దగ్గరికొచ్చి, రెండు చేతులా ఆయన దవడలు పట్టుకుని, తెరిచిన నోట్లోకి తొంగిచూసింది.

"ఏడున్నవ్ బిడ్డా?"